చవక రెడ్ వైన్: ధర ఎందుకు తగ్గిందో గ్లాసులో తెలుస్తుంది

సీసా, బిరడా, లేబుల్, అట్టపెట్టె, రవాణా, గోదాము. లోపలి వైన్ గొప్పదైనా సాదాదైనా వీటి ఖర్చులో పెద్ద తేడా ఉండదు. సుంకాన్ని లీటరు లెక్కన గానీ ఆల్కహాల్ లెక్కన గానీ వేసే చోట్ల అదీ అంతే. అందువల్ల అట్టడుగు ధరకి అమ్మే సీసాలో అసలు వైన్ మీద పెట్టిన డబ్బు చాలా కొద్ది. ఒక మెట్టు పైకి వెళ్ళి కాస్త ఎక్కువ పెడితే ఈ స్థిరమైన ఖర్చులు అంతగా పెరగవు. దుకాణం లాభం శాతం లెక్కన పెరుగుతుంది నిజమే, అయినా అదనంగా ఇచ్చినదాంట్లో చెప్పుకోదగ్గ భాగం ద్రాక్షకీ తయారీకీ చేరుతుంది. అట్టడుగు మెట్టు నుంచి రెండో మెట్టుకి ఎక్కినప్పుడు రుచిలో కనిపించినంత తేడా ఆ పై మెట్లలో సాధారణంగా కనిపించదు. ఇంకా పైకి పోయేకొద్దీ డబ్బు భూమి విలువకీ, పేరుకీ, కొరతకీ పోతుంది. కాబట్టి డబ్బుకి తగ్గ వైన్ వెతికేవాళ్ళకి అన్నిటికంటే చవకైన సీసా చాలావరకు మంచి బేరం కాదు.

అయితే ఒకే ధరకి దొరికే రెండు సీసాల మధ్య కూడా బోలెడంత తేడా ఉంటుంది. దానికి కారణం తెలియాలంటే ఆ ధర ఎందుకు తక్కువగా ఉందో చూడాలి. వైన్ రెండు దారుల్లో చవకవుతుంది. ఒకటి, ఆ ఊరికో ఆ ద్రాక్షకో పేరు లేకపోవడం. రెండోది, తోటలోనూ తయారీలోనూ ఖర్చుని పిండేయడం. మొదటి రకం సీసాలో లోపల ఏమీ తగ్గించి ఉండకపోవచ్చు. కొనేవాళ్ళ పోటీ లేదు కాబట్టి ధర తగ్గింది, అంతే. రెండో రకంలో తగ్గినది ధర ఒక్కటే కాదు. రుచి చూసేటప్పుడు చేసే పనంతా దాదాపుగా ఈ రెండిటినీ విడదీయడమే.

పేరు ఎంత పని చేస్తుందో చూడాలంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం చాలు. అక్కడి మెడాక్ భాగంలోని వైన్ ఎస్టేట్లకి 1855లో ఇచ్చిన తరగతులు నేటికీ దాదాపు అలాగే ఉన్నాయి. చెప్పుకోదగ్గ మార్పు 1973లో మూటోన్ రోత్‌షీల్డ్ ఎస్టేట్‌ని రెండో తరగతి నుంచి మొదటి తరగతికి పెంచడం ఒక్కటే. నూట యాభై ఏళ్ళు దాటిన ఆ జాబితా ఈనాటి ధరల్ని ఇంకా శాసిస్తోంది. మరోవైపు, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో ద్రాక్ష తోటలున్న దేశం స్పెయిన్. అక్కడ హుమియా ప్రాంతపు మొనాస్ట్రెల్, కలతయూద్ ప్రాంతపు గార్నాచా ద్రాక్షలు నీరు తక్కువైన నేలల్లో, ముదురు తీగల మీద పండుతాయి. అలాంటి తీగ కాసేది తక్కువ, కాసినదాంట్లో రుచి చిక్కగా ఉంటుంది. అదే పంట పేరున్న లోయలో పండి ఉంటే ధర ఇంకోలా ఉండేది. ఫ్రాన్స్ దక్షిణాన లాంగ్డాక్ కొండల్లోని కారిన్యాన్, ఇటలీలోని మొంటెపుల్చానో ద'అబ్రుట్సో, పోర్చుగల్‌లో బయటివాళ్ళకి నోరు తిరగని పేర్లున్న స్థానిక ద్రాక్షల మిశ్రమాలు, ఇవన్నీ ఈ కోవలోవే. పేరు పలకడం కష్టమైతే అమ్మకం తగ్గుతుంది. కొనేవాడికి అది లాభమే.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్నది చవక పినో నువార్. ఈ ద్రాక్షకి తోలు పల్చన, తెగుళ్ళు ఎక్కువ, కాపు పెంచితే రుచి పల్చబడిపోతుంది. అంటే తక్కువ ఖర్చుతో బాగా చేయడం చాలా కష్టం. అయినా పేరుకి గిరాకీ ఉంది కనుక చవక సీసాలు వస్తూనే ఉంటాయి. అమెరికా సమాఖ్య నిబంధన ప్రకారం లేబుల్ మీద ద్రాక్ష పేరు వేయడానికి ఆ ద్రాక్ష 75 శాతం ఉంటే చాలు, యూరోపియన్ యూనియన్‌లో 85 శాతం. మిగిలిన భాగంలో రంగూ బలమూ ఇచ్చే వేరే ద్రాక్ష కలపవచ్చు. అది చట్టవిరుద్ధం కాదు, రుచిగా కూడా ఉండొచ్చు. కానీ కట్టిన డబ్బు పినో నువార్ పేరుకి కట్టినది.

పెద్ద ఖర్చు లేకుండానే నాణ్యత పెరిగిన ఉదంతం చిలీది. అక్కడ మెర్లో అనే ద్రాక్ష అనుకుని పెంచిన తోటల్లో చాలా తీగలు నిజానికి బోర్డో నుంచి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన కార్మెనేర్ అనే వేరే రకమని 1994లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ మిషెల్ బూర్సికో గుర్తించాడు. కార్మెనేర్ మెర్లో కంటే కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. మెర్లోతోపాటే కోసేసిన ఆ ద్రాక్ష పచ్చిగా ఉండి, వైన్‌లో పచ్చి కాప్సికం వాసన గుప్పున కొట్టేది. సంగతి తెలిశాక విడిగా పెంచి, ఆగి కోయడం మొదలుపెట్టారు. పెద్దగా డబ్బు పోయకుండా, తెలివితో బాగుపడిన వైన్ అది. ఇప్పటికీ చవక చిలీ రెడ్ వైన్‌లో ఆ పచ్చివాసన ఎంత ఉందో చూస్తే ద్రాక్ష ఎంత పండాక కోశారో అంచనా దొరుకుతుంది. కొంచెం ఉంటే అదొక సొగసు. పళ్ళ వాసనని మింగేసేంత ఉంటే తొందరపడి కోశారన్నమాట.

ఇక ఖర్చు పిండేసే దారి. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ, ఆస్ట్రేలియాలోని రివర్‌లాండ్ లాంటి వేడి మైదానాల్లో నీరు కట్టి, ఎకరానికి వీలైనంత కాయించి, యంత్రంతో కోస్తారు. లక్షల లీటర్ల స్టీలు ట్యాంకుల్లో పులియబెడతారు. దీన్ని చీదరించుకోవాల్సిన పని లేదు. శుభ్రంగా, ఏటా ఒకే రుచితో వైన్ తీయడం చిన్న పనేమీ కాదు. ఒకప్పటి చవక వైన్‌లో మామూలైన పులిసిన కంపు, అట్టడుగు ధర సీసాల్లో కూడా ఇప్పుడు అరుదైంది ఈ పద్ధతుల వల్లే. ఇబ్బంది ఎక్కడంటే, ఎక్కువ కాసిన ద్రాక్షలో రంగూ రుచీ పల్చబడతాయి, వేడికి పులుపు పడిపోతుంది. ఆ లోటుని తరవాత పూడ్చాలి. టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. రూబీరెడ్ అనే ద్రాక్ష నుంచి తీసిన మెగా పర్పుల్ లాంటి గాఢమైన సాంద్రరసం కొద్దిగా కలిపితే రంగు నల్లబడుతుంది, తీపీ చిక్కదనమూ వస్తాయి.

వైన్‌ని నిలవ ఉంచే పీపాలకి వాడే ఓక్ చెక్క కథ ఇంకా ఆసక్తికరం. బోర్డో తరహా పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే దాదాపు 300 సీసాలు. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా ధరని 300తో భాగిస్తే వచ్చే మొత్తమే చవక సీసాలోని వైన్ మొత్తం విలువని మించిపోగలదు. కాబట్టి అట్టడుగు ధర వైన్‌లో వెనిలా, చాక్లెట్, కాల్చిన కొబ్బరి వాసనలు దండిగా వస్తుంటే అవి పీపా నుంచి వచ్చి ఉండవు. ట్యాంకులో వేలాడదీసిన ఓక్ చెక్కలో, సంచిలో పోసి ముంచిన చెక్క ముక్కలో అయి ఉంటాయి. ముక్కల వాడకాన్ని యూరోపియన్ యూనియన్ కూడా 2006లో అనుమతించింది. వాడటం తప్పు కాదు. చూడాల్సినది, ఆ వాసన కింద పండు ఉందా లేదా అని. గ్లాసుని పది నిమిషాలు వదిలేసి మళ్ళీ వాసన చూస్తే, పండు రుచి ఉన్న వైన్‌లో అది ముందుకి వస్తుంది. లేనిదాంట్లో వెనిలా ఒక్కటే మిగులుతుంది. చవక వైన్‌లో ఓక్ వాసన ఎంత బిగ్గరగా ఉంటే అంత అనుమానించడం మంచిది. అది ఖరీదైన వైన్‌లా కనబడాలని పెట్టిన ఖర్చు. ఆ ఖర్చు ద్రాక్ష మీద పెట్టలేదు.

తీపి ఇంకా గడుసుది. యూరోపియన్ యూనియన్ నియమాల్లో డ్రై, అంటే తీపి లేని వైన్ అనడానికి లీటరుకి 4 గ్రాముల చక్కెర హద్దు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా వెళ్ళవచ్చు. బాగా అమ్ముడుపోయే చవక రెడ్ బ్రాండ్లలో కొన్ని ఈ హద్దు దాటి రెండంకెల్లో ఉంటాయి. లేబుల్ మీద ఆ సంగతి సాధారణంగా కనిపించదు. చక్కెర వగరునీ పులుపునీ కప్పేస్తుంది, మొదటి గుటకని మెత్తగా చేస్తుంది. చిన్న చిన్న గుటకల్లో పది వైన్లు చూసే చోట అలాంటిదే ముందుంటుంది. పూర్తి గ్లాసు తాగేసరికి వెగటు పుడుతుంది. పండిన ద్రాక్ష వాసన వల్ల తీయగా అనిపించడం వేరు, నిజంగా చక్కెర ఉండటం వేరు. ముక్కు మూసుకుని ఒక గుటక పుక్కిలిస్తే వాసన అడ్డు తొలగుతుంది, నాలుకకి చక్కెర ఉంటేనే తెలుస్తుంది. ఇంకో దారి, అదే వైన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి చూడటం. చల్లదనంలో తీపి అణిగి, వగరూ పులుపూ బయటపడతాయి. తీపి ముసుగు కింద ఏముందో అప్పుడు తెలుస్తుంది.

రుచి చూసే పద్ధతికి పెద్ద హంగామా అక్కర్లేదు. నోరు కాస్త ముడుచుకున్న గ్లాసు కావాలి. టేస్టింగ్ కోసం 1977లో ఐఎస్ఓ 3591 అని ఒక ప్రామాణిక గ్లాసు కొలతలే ఖాయం చేశారు, అలాంటిది ఏదైనా సరిపోతుంది. అందులో 50 మిల్లీలీటర్లు పోస్తే తిప్పడానికి జాగా ఉంటుంది. ఉష్ణోగ్రత మాత్రం ముఖ్యం. వెచ్చటి గదిలో ఉంచిన సీసా నుంచి ఆల్కహాల్ ఘాటు ముక్కుని కొడుతుంది, మంచి వైన్ కూడా మొరటుగా అనిపిస్తుంది. 15, 16 డిగ్రీల దగ్గర చూడాలి. వగరు తక్కువున్న తేలిక వైన్లు ఇంకా చల్లగా ఉన్నా బాగుంటాయి. చవక రెడ్ వైన్లకి చెడ్డపేరు కొన్నిసార్లు సీసాలోని సరుకు వల్ల కాక, వేడి వల్లే వస్తుంది.

రంగుతో మొదలుపెట్టడం ఆనవాయితీ, కానీ విలువ తేల్చడానికి అది పనికొచ్చేది తక్కువ. నల్లగా ఉంటే గొప్పదని లెక్క లేదు. కొత్త వైన్ అంచులో గోధుమరంగు ఉంటే గాలి తగిలి పాడైందని మాత్రం అనుమానించాలి. వాసనలో ముందు దోషాలు వెతకాలి. తడిసిన అట్టపెట్టె వాసన బిరడా నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం వల్ల. దానికి చవక, ఖరీదు తేడా లేదు, ఆ సీసాని లెక్కలోంచి తీసేసి ఇంకోటి తెరవాలి. స్క్రూ మూత సీసాలకి ఈ బెడద దాదాపు లేదు, బిరడా లేదని వాటిని చిన్నచూపు చూడటంలో అర్థం లేదు. కాల్చిన అగ్గిపుల్ల వాసన గ్లాసు తిప్పుతుంటే చాలాసార్లు పోతుంది. వెనిగర్, గోళ్ళ రంగు తుడిచే ద్రవం లాంటి ఘాటు మాత్రం పోదు. పశువుల కొట్టం, తోలు వాసన బ్రెటానోమైసిస్ అనే ఈస్ట్ చేసిన పని. ఇక్కడ రసికుల్లోనే రెండు వర్గాలున్నాయి. కొద్దిగా ఉంటే ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, చవక వైన్‌లో అది తయారీలో శుభ్రత లోపాన్నే ఎక్కువగా సూచిస్తుంది.

నోట్లో చూడాల్సినవి పులుపు, వగరు, ఆల్కహాల్ వేడి, పండు రుచి, ఇవి ఒకదానితో ఒకటి పొసిగాయా అన్నది. పులుపు ఉంటే నోటి పక్కల లాలాజలం ఊరుతుంది. బయట నుంచి కలిపిన ఆమ్లం కొన్నిసార్లు పండుతో కలవకుండా చివర్లో విడిగా గుచ్చుకుంటుంది. వగరు ఇచ్చేది టానిన్. మరిగి మరిగి చిక్కబడ్డ టీ తాగినప్పుడు చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటే టానిన్ ఎక్కువని అర్థం. ఎక్కువ ఉండటం దోషం కాదు. ఆ పట్టు నోరంతా సమంగా, మెత్తగా ఉందా, లేక గరగరగా, పచ్చి చేదుతో ఉందా అన్నదే తేడా. పండని గింజల నుంచి, గట్టిగా పిండిన తోలు నుంచి వచ్చే వగరు రెండో రకం. కొవ్వూ ఉప్పూ ఉన్న భోజనంతో వగరు తగ్గుతుంది కనుక, ఒంటరిగా కఠినంగా తోచిన సీసా భోజనం దగ్గర బాగా నిలబడవచ్చు. తీపి దట్టించిన సీసా పరిస్థితి చాలాసార్లు దీనికి తలకిందులు.

చవక వైన్‌లో అన్నిటికంటే ఎక్కువ సంగతి చెప్పేది గుటక మధ్యభాగం. పల్చని ద్రాక్షతో చేసినది మొదట పళ్ళ రుచితో బాగానే పలకరిస్తుంది. నడుమ నీళ్ళలా ఖాళీగా అనిపిస్తుంది. చివర చేదో ఓకో తగులుతుంది. మొదలునీ చివరనీ తయారీలో సర్దవచ్చు. నడుమ భాగం చాలావరకు తోటలోనే తయారవుతుంది. రుచి ఎంతసేపు నిలిచిందని లెక్కపెట్టడం మంచిదే, కానీ నిలిచినది ఏమిటో కూడా చూడాలి. చేదు ముప్పై సెకన్లు నిలిస్తే దాన్ని గొప్పగా చెప్పుకోలేం. చవక రెడ్ వైన్‌లో రుచి త్వరగా ముగిసినా శుభ్రంగా ముగిస్తే అది మంచి మార్కే.

ఇదంతా సీసా కనబడుతుండగా చేస్తే లాభం తక్కువ. 2001లో ప్రచురితమైన బోర్డో పరిశోధనలో మోరో, బ్రోషే, దుబూర్దియూ వైట్ వైన్‌కి వాసన లేని ఎర్రరంగు కలిపి 54 మందికి ఇస్తే, వాళ్ళు రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే దాని వాసనని వర్ణించారు. నల్లటి రంగు కోసం సాంద్రరసం ఎందుకు కలుపుతారో దీంతో తేలికగా అర్థమవుతుంది. 2008లో హిల్కే ప్లాస్‌మన్ బృందం ఒకే వైన్‌ని రెండు వేరు వేరు ధరలు చెప్పి ఇచ్చింది. ఎక్కువ ధర చెప్పినప్పుడు బాగుందన్నారు. మాటవరసకి అన్నది కాదది, ఆనందంతో ముడిపడిన మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. అదే ఏడాది వచ్చిన మరో పరిశీలన సీసా ఏదో తెలియకుండా రుచి చూసే బ్లైండ్ టేస్టింగ్ ఫలితాలు ఆరు వేలకు పైగా తీసుకుంది. ధర తెలియనప్పుడు మామూలు తాగరులు ఖరీదైన వైన్లని సగటున ఒక పిసరు తక్కువే ఇష్టపడ్డారు. శిక్షణ ఉన్నవాళ్ళలో మాత్రం అలా కనబడలేదు.

నిపుణుల మార్కుల మీద కూడా నమ్మకం ఎంత పెట్టుకోవాలో కాలిఫోర్నియా వైన్ తయారీదారు రాబర్ట్ హాడ్జ్‌సన్ చూపించాడు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోని వైన్‌ని చెప్పకుండా మూడుసార్లు ఇచ్చి చూశాడు. మూడుసార్లూ నిలకడగా దగ్గరి మార్కులు వేసినవాళ్ళు పది శాతం దగ్గరే తేలారు, మామూలుగా నాలుగు మార్కులు అటూ ఇటూ మారాయి. అంటే 88, 91 మార్కుల సీసాల మధ్య తేడాని పట్టుకుని డబ్బు ఖర్చుపెట్టడానికి ఆధారం చాలా బలహీనం. అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చిన వంద మార్కుల కొలబద్ద 50 నుంచే మొదలవుతుంది, ఆచరణలో అమ్మకానికి వాడే అంకెలన్నీ చివరి పదిహేను మెట్లలోనే ఇరుక్కుని ఉంటాయి.

ఇంట్లో చేసుకునే పోలికలోనూ హాడ్జ్‌సన్ ఎత్తు పనికొస్తుంది. ఒకే ధర మెట్టులోంచి, వీలైతే ఒకే ద్రాక్ష లేదా ఒకే తరహా సీసాలు నాలుగైదు తీసుకోవాలి. కాగితం సంచుల్లో కప్పి, వాటిలో ఒకదాన్ని రెండుసార్లు పోయించాలి. ఆ రెండు గ్లాసులకీ వేసిన మార్కులు దూరంగా ఉంటే ఆ రోజు తీర్పుల్ని గట్టిగా పట్టుకోవద్దు. ఒక ఖరీదైన సీసాని కూడా కలిపితే చవకవాటిలో లేనిది ఏమిటో తెలుస్తుంది. మార్కులు వేయడం అయ్యాకే ధరలు చూడాలి. రుచి చూస్తూనే "ఈ ధరకి బాగానే ఉంది" అనుకోవడం మొదలైతే చవకవాటికి దయ చూపించి, ఖరీదైనవాటి మీద కసి తీర్చుకుంటాం. బాగుందా లేదా అన్నది ఒక తీర్పు, ధరకి తగ్గదా అన్నది ఇంకొకటి. చివరికి నచ్చిన రెండిటినీ పూర్తి గ్లాసు చొప్పున తాగి చూడాలి, మిగిలినది మూత పెట్టి మర్నాడు చూడాలి. సర్దుబాట్ల మీద నిలబడిన వైన్ మర్నాటికి తరచూ విడిపోయి, ఓక్ ఒకవైపు, తీపి ఒకవైపు తేలుతుంది.

లేబుల్‌లో అన్ని మాటలకీ ఒకే బరువు లేదు. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు సీసా మీద క్రియాన్సా అని ఉంటే ఆ రెడ్ వైన్ కనీసం రెండేళ్ళు నిలవ ఉండి, అందులో కనీసం ఒక ఏడాది ఓక్ పీపాలో గడిపి తీరాలి. ఆ కాలానికయ్యే ఖర్చు తయారీదారు భరించాక కూడా ధర మర్యాదగా ఉంటుంది కనుక బేరం చూసేవాళ్ళకి అది మంచి చోటు. అమెరికా సీసా మీద రిజర్వ్ అనే మాటకి అలాంటి సమాఖ్య నిర్వచనం లేదు. ముదురు తీగలు అన్న మాటకి కూడా చాలా దేశాల్లో వయసు హద్దు లేదు. బరువైన సీసా గాజు బరువునే చెబుతుంది. వైన్‌ని పెద్ద సంచిలో నింపి, ఒక కంటైనర్‌లో 24,000 లీటర్లు పంపి, అమ్మే దేశంలో సీసాలకి ఎత్తడం మాత్రం నిజాయతీగా ఖర్చు తగ్గించే పద్ధతి, దాన్ని చూసి భయపడక్కర్లేదు. 1965లో ఆస్ట్రేలియాలో టామ్ ఆంగోవ్ పేటెంట్ తీసుకున్న సంచి-పెట్టె వైన్ కూడా అంతే. తెరిచాక వారాల తరబడి నిలుస్తుంది, రోజుకో గ్లాసు తాగేవాళ్ళకి సగం సీసా పారబోసే నష్టం తప్పుతుంది.

ఇలా కనిపెట్టిన బేరాలు ఎప్పటికీ అలాగే ఉండవు. 1976 మే 24న బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పారిస్‌లో ఏర్పాటు చేసిన బ్లైండ్ టేస్టింగ్‌లో కాలిఫోర్నియాలోని నాపా లోయకి చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వారి 1973 కాబెర్నే రెడ్ వైన్, బోర్డోకి చెందిన మూటోన్ రోత్‌షీల్డ్‌నీ ఓ బ్రియాన్‌నీ దాటి మొదటి స్థానం తెచ్చుకుంది. అప్పటికి నాపా పేరు బయట పెద్దగా తెలియదు. ఇప్పుడు నాపా కాబెర్నే ప్రపంచంలోని ఖరీదైన రెడ్ వైన్లలో ఒకటి, చవక బేరాల కోసం అక్కడికి వెళ్ళేవాళ్ళెవరూ లేరు. అర్జెంటీనాలోని మెండోసా ప్రాంతపు మాల్బెక్ వైన్‌లో కూడా పేరు పెరిగేకొద్దీ ఖరీదైన సీసాలు వచ్చాయి, చవకవాటిలో తీపీ ఓకూ దట్టించినవి చేరాయి. ఏడాది మారినా లెక్క మారుతుంది. పెద్ద బ్రాండ్ వైన్లు కలపడంలోని నేర్పుతో ఏటా ఒకేలా ఉంటాయి, చిన్న సహకార సంఘాల వైన్ ఏటికేడు వేరుగా ఉంటుంది. నిరుడు పెట్టె నిండా కొన్న వైన్‌నే మళ్ళీ కొనేముందు లేబుల్ మీద సంవత్సరం చూసి, అది మారి ఉంటే ముందు ఒక్క సీసా తెచ్చుకోవడం మేలు.